ఎండకు సోలార్ బ్యాటరీ వేడెక్కి చార్జింగ్ ఆగిపోతోంది, ఏసీ పెట్టక తప్పదా?

ఖమ్మం_డాబా
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. పోయిన దసరాకి ఇంటిమీద 5 కిలోవాట్ల హైబ్రిడ్ సోలార్ పెట్టించాం. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 51.2 వోల్టులు, 100 ఏహెచ్. చలికాలమంతా ఏ ఇబ్బందీ లేదు. మార్చి నెలాఖరు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటగానే చార్జింగ్ ఆగిపోతోంది. యాప్‌లో ఓవర్ టెంపరేచర్ అని ఎర్రగా వస్తోంది. సాయంత్రం అయిదున్నరకి మళ్లీ మొదలవుతుంది గానీ అప్పటికి ఎండెక్కడిది? సగం చార్జింగ్‌తోనే రాత్రిలోకి వెళ్తున్నాం.

మా నాన్నగారికి రాత్రిళ్లు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే కరెంటు మెషిన్) పెడతాం. ఈదురుగాలి వస్తే ఇక్కడ కరెంటు గంటల తరబడి పోతుంది. అందుకే ఇంత టెన్షన్.

బ్యాటరీ, ఇన్వర్టర్ రెండూ డాబా మీది మెట్ల గదిలో ఉన్నాయి. పైన సిమెంటు రేకులు. బిగించినవాళ్లకి ఫోన్ చేస్తే "ఎండాకాలం అంతే సార్, ఓ చిన్న ఏసీ పెట్టించుకోండి" అన్నారు. నిజంగా ఏసీ పెట్టాలా? బ్యాటరీ పాడైపోతోందా? తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లూరు_సోలార్
మా ఇంట్లోనూ ఇదే గొడవ. నేను ఇన్వర్టర్ పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను. కొంచెం నయం. మీరూ ముందు అది చేసి చూడండి.

వోల్ట్‌మీటర్
ఖమ్మం గారూ, ఏసీ సంగతి తర్వాత. ముందు మూడు అంకెలు చెప్పండి. యాప్‌లో బీఎంఎస్ (బ్యాటరీ లోపల కాపలా కాసే బోర్డు) పేజీ తెరిస్తే సెల్ టెంపరేచర్లు విడిగా, మోస్ టెంపరేచర్ విడిగా కనిపిస్తాయి. మోస్ అంటే బీఎంఎస్ బోర్డు మీది స్విచ్‌ల వేడి. అది 60 దాటడం మామూలే. చాలామంది దాన్ని చూసి బ్యాటరీ వేడనుకుని కంగారు పడతారు. చార్జింగ్ ఆగినప్పుడు సెల్స్ ఎంత ఉన్నాయి, మోస్ ఎంత ఉంది, గదిలో గాలి ఎంత ఉంది? గది వేడికి వంద రూపాయల థర్మామీటర్ చాలు, బ్యాటరీకి తగలకుండా మనిషి ఛాతీ ఎత్తులో వేలాడదీయండి.

ఇంకోటి. ఇన్వర్టర్‌లో బ్యాటరీ చార్జింగ్ కరెంటు ఎంత పెట్టారో సెట్టింగ్స్‌లో చూసి రాయండి.

ఖమ్మం_డాబా
ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకి చూశాను సార్. సెల్ సెన్సార్లు నాలుగున్నాయి. కింది నుంచి పైకి 51, 52, 54, 55. మోస్ 63. గదిలో గాలి 47. బయట నీడలో 42 ఉంది. చార్జింగ్ కరెంటు 80 ఆంప్స్ అని ఉంది.

వోల్ట్‌మీటర్
అయితే సెన్సార్ తప్పు కాదు, సెల్సే వేడెక్కుతున్నాయి. ఎక్కువ ప్యాక్‌లలో 55 దగ్గర బీఎంఎస్ చార్జింగ్ ఆపేస్తుంది. 50కో అంతకంటే కిందికో దిగాకే మళ్లీ అనుమతిస్తుంది. మీకు జరుగుతున్నది అదే. బీఎంఎస్ దాని పని సరిగ్గా చేస్తోంది, దాని మీద కోపం పెట్టుకోకండి. ఎవరైనా వచ్చి "ఆ లిమిట్ 65 చేసేస్తాను, ప్రాబ్లం పోతుంది" అంటే దయచేసి ఒప్పుకోకండి.

మీ అంకెల్లో ఇంకో సంగతి ఉంది. కింది సెల్ 51, పై సెల్ 55. బయట 42 ఉంటే గదిలో 47. అంటే రేకు వేడి నేరుగా గదిలోకి దిగుతోంది. ఇన్వర్టర్ వదిలే వేడిగాలి కూడా అక్కడే తిరుగుతోంది. ఇన్వర్టర్ బ్యాటరీకి ఎంత దూరంలో ఉంది? పైనా, పక్కనా?

ఖమ్మం_డాబా
బ్యాటరీకి సరిగ్గా పైన, జానెడు ఎత్తులో ఉంది సార్. ఇన్వర్టర్ ఫ్యాన్లు కిందికి ఊదుతాయి. చెయ్యి పెట్టి చూస్తే వేడిగాలి నేరుగా బ్యాటరీ మీదికే వస్తోంది.

సెల్_కెమిస్ట్రీ
ఫోటో లేకపోయినా గది కళ్లకి కడుతోంది. బ్యాటరీ పాడవుతోందా అని అడిగారు కదా, దానికి సూటిగా చెప్తాను.

ఎల్ఎఫ్‌పీ, అంటే మీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కెమిస్ట్రీ, వేడిని మిగతా లిథియం రకాలకంటే బాగా తట్టుకుంటుంది. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ వాడే ఎన్ఎంసీ సెల్స్‌లా తొందరగా అదుపు తప్పి మంటల్లోకి వెళ్లే స్వభావం దీనికి తక్కువ. 55 చూసి రేపే పేలిపోతుందని భయపడక్కర్లేదు. కానీ ఆయుష్షు మాత్రం తగ్గుతోంది. సెల్ లోపల గ్రాఫైట్ మీద పల్చటి పొర ఒకటి ఉంటుంది. వేడికి ఆ పొర మందమవుతూ పోతుంది. మందమైన కొద్దీ వాడుకోగలిగిన లిథియం అందులో ఇరుక్కుపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు. ఇది బ్యాటరీ వాడినా జరుగుతుంది, వాడకపోయినా జరుగుతుంది. పైగా 100 శాతం నిండి ఉండి వేడిలో కూర్చుంటే మరీ వేగంగా జరుగుతుంది.

అంటే మీకున్న సమస్య మధ్యాహ్నం చార్జింగ్ ఆగడం ఒక్కటే కాదు. ఆగకపోయినా ఆ గది బ్యాటరీకి మంచిది కాదు. వారంటీ కాగితంలో ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని సైకిళ్లు (నింపి ఖాళీ చేయడాలు) వస్తాయన్నారో ఒకసారి చదవండి. మామూలుగా 25 డిగ్రీల లెక్క రాస్తారు. మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో పగలు 25 అనే మాటే ఉండదు.

పల్నాడు_పంపుసెట్
మాది రెంటచింతల పక్క ఊరు. వేడి గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మా ఇంట్లో 150 ఏహెచ్ ట్యూబులర్ (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీలు రెండు, 24 వోల్టుల సిస్టమ్. లిథియం వాళ్లకి బీఎంఎస్ కాపలా ఉంటుంది. లెడ్ యాసిడ్‌కి అదీ లేదు, వేడెక్కినా నోరెత్తదు. లోపల నీళ్లు ఆవిరైపోతాయి, ప్లేట్లు తినుకుపోతాయి, రెండేళ్లకే బ్యాటరీ పాడవుతుంది. తర్వాత కంపెనీని తిట్టుకుంటాం.

లెడ్ యాసిడ్‌కి అందరూ చెప్పే లెక్క, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని. ఇది అచ్చంగా అంతే అని కాదు, ఇంచుమించు. అయిదేళ్లు రావాల్సినవి 35 డిగ్రీల గదిలో ఎంతకాలం వస్తాయో మీరే లెక్కేసుకోండి.

కరీంనగర్_ఇల్లాలు
అన్నా, మీ పోస్టు చూసి అడుగుతున్నా. మాదీ 24 వోల్టులే, ట్యూబులర్ రెండు. పడమటి వైపు బాల్కనీలో ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా పడుతుంది. చలికాలంలో మూడు నెలలకోసారి నీళ్లు పోస్తే చాలేది, ఇప్పుడు నెల తిరక్కముందే ఇండికేటర్ ఎరుపుకి వస్తోంది. పక్కింటివాళ్లు తడి గోనె సంచి కప్పమన్నారు. కప్పొచ్చా?

పల్నాడు_పంపుసెట్
చెల్లెమ్మా, తడి గోనె సంచి వద్దు. టెర్మినళ్ల మీద తడి చేరితే ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య కరెంటు కారుతుంది, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు ముక్కలు) పచ్చగా చిలుము పడతాయి. పైగా మూతల నుంచి గ్యాస్ బయటికి పోవాలి, దాన్ని కప్పేయకూడదు. చార్జింగ్ చివర్లో లెడ్ యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. అది గాలికంటే తేలిక కాబట్టి పైకి పోతుంది. అందుకే లెడ్ యాసిడ్ పెట్టిన చోట పైభాగంలో కిటికీయో వెంటిలేటరో తెరిచి ఉండాలి. ఇన్వర్టర్‌ని బ్యాటరీకి నేరుగా పైన పెట్టకూడదనేది కూడా ఇందుకే.

ఎండ తగలకుండా పందిరో, వెదురు తడకో కట్టండి. తడక బ్యాటరీకి ఆనకుండా రెండడుగుల దూరంలో ఉండాలి, మధ్యలో గాలి ఆడాలి. వీలైతే బాల్కనీ నుంచి ఉత్తరం వైపు గోడ పక్కకి మార్చడం అన్నిటికన్నా మేలు.

ఇక నీళ్లు. డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు, ఫిల్టర్ నీళ్లు పనికిరావు. చార్జింగ్ పూర్తయ్యాక పోయండి. ముందే నిండుగా పోస్తే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. ప్లేట్లు బయటపడేంత తక్కువైతే మాత్రం ఆగకుండా, ప్లేట్లు మునిగేంతవరకే కొద్దిగా పోసి చార్జింగ్ పెట్టండి.

వోల్ట్‌మీటర్
పల్నాడు గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన ముక్క జోడిస్తాను, ట్యూబులర్ వాడేవాళ్లంతా చదవండి.

లెడ్ యాసిడ్ వేడెక్కితే తక్కువ వోల్టేజీకే నిండిపోతుంది. అయినా చార్జర్ చలికాలపు వోల్టేజీనే ఇస్తూ ఉంటే మిగతా కరెంటంతా నీళ్లని విడగొట్టడానికే పోతుంది. కరీంనగర్ చెల్లెలికి నీళ్లు తొందరగా తగ్గడానికి ఎండ సగం కారణమైతే ఇది మిగతా సగం. అందుకే ఎంపీపీటీ చార్జర్లలో (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టే సోలార్ చార్జర్లు) టెంపరేచర్ కాంపెన్సేషన్, అంటే వేడిని బట్టి వోల్టేజీ మార్చే సెట్టింగ్ ఉంటుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకీ సెల్‌కి 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గించాలి. 24 వోల్టుల బ్యాంకులో 12 సెల్స్. మధ్యస్థంగా 4 మిల్లీవోల్టులు అనుకుంటే డిగ్రీకి 48 మిల్లీవోల్టులు. బ్యాటరీ 42 డిగ్రీల్లో ఉంటే 17 డిగ్రీల తేడా, అంటే దాదాపు 0.8 వోల్టు. 28.8 దగ్గర చార్జ్ అవ్వాల్సింది 28.0 దగ్గరే ఆపాలి. ఆ 0.8 వోల్టు రోజూ ఎక్కువిస్తే బ్యాటరీ ఉడికిపోతుంది.

ఇది పనిచేయాలంటే సెన్సార్ వైరు బ్యాటరీకే అంటించి ఉండాలి. చాలా ఇళ్లల్లో ఆ సెన్సార్ అట్టపెట్టెలోనే ఉండిపోతుంది, లేదా ఇన్వర్టర్ పక్కన గోడకి వేలాడుతుంది. రెండు బ్యాటరీలుంటే వాటి మధ్య సందులో, యాసిడ్ మట్టానికి కింద, బ్యాటరీ పక్కభాగానికి టేపుతో అంటించండి. మీ చార్జర్‌కి సెన్సారే లేకపోతే ఏప్రిల్ నుంచి జూన్ దాకా చేత్తోనే వోల్టేజీ తగ్గించి, వానలు పడ్డాక మళ్లీ మామూలుకి తెచ్చుకోండి.

లిథియం వాళ్లు మాత్రం ఈ సెట్టింగ్ సున్నా చేయాలి. లిథియంకి వేడిని బట్టి వోల్టేజీ మార్చే పనే లేదు.

విశాఖ_తీరం
అందరూ ఎండ గురించే చెప్తున్నారు. మా దగ్గర 36 డిగ్రీలు దాటడం తక్కువే గానీ ఉక్కపోత, ఉప్పుగాలి. నాకు తెలిసిన ఇంట్లో బ్యాటరీ గదికి ఎయిర్ కూలర్ పెట్టారు. గాలిలో అంత తేమ ఉంటే కూలర్ చల్లబరిచేది అంతంతమాత్రం. టెర్మినళ్లకి మాత్రం వానాకాలంలోపే తుప్పు పట్టింది. తీరప్రాంతంవాళ్లు కూలర్ జోలికి పోకండి. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు.

నెల్లూరు_సోలార్
ఎగ్జాస్ట్ ఎందుకు? గదిలో ఫ్యాన్ తిరిగితే చాలదా? నాకు పనిచేసింది కదా.

వోల్ట్‌మీటర్
నెల్లూరు గారూ, ఫ్యాన్ గాలిని కదుపుతుందంతే, చల్లబరచదు. ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా బ్యాటరీని గదిగాలికంటే కిందికి దించలేదు. మీ గది 36లో ఉందేమో, అందుకే లాభం కనిపించింది. ఖమ్మం గారి గది 47లో ఉంది. అక్కడ ఫ్యాన్ పెడితే 47 డిగ్రీల గాలే బ్యాటరీ చుట్టూ తిరుగుతుంది. వేడిగాలి బయటికి పోవాలి, దానికంటే చల్లటిది కింది నుంచి లోపలికి రావాలి. అందుకే ఎగ్జాస్ట్.

ఖమ్మం_డాబా
అందరికీ ధన్యవాదాలు. చాలా విషయాలు తెలుస్తున్నాయి. ఇంతకీ నేను ఏం చేయాలి? ఏసీ అయితే గదికి 40 వేల దాకా అవుతుందన్నారు. రేకుల మీద తెల్ల పెయింటు వేయిస్తే?

గోడ_సున్నం
తాపీ పని చేయించే కాంట్రాక్టరుని. రేకుల మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటు తప్పకుండా వేయించండి, అది ఎటూ దండగ కాదు. మట్టి, నాచు పోయేలా కడిగి, ఆరాక రెండు కోటింగులు వేయాలి. సున్నం కూడా పనిచేస్తుంది గానీ ప్రతి వేసవికీ వేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది, ఎండని వెనక్కి కొట్టే కప్పుల అవసరం అంత ఉంది కాబట్టే. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పొడిగా ఉన్నప్పుడు గీకొద్దు, నీళ్లు చల్లుతూ మెత్తని బ్రష్‌తో చేయించండి. డ్రిల్లింగ్ అసలు వద్దు.

రేకు కింద ఫాల్స్ సీలింగ్ వేస్తే ఇంకా తేడా ఉంటుంది. పై నుంచి వచ్చే వేడి అక్కడే ఆగుతుంది.

సెల్_కెమిస్ట్రీ
పెయింటు మంచిదే, కానీ ముందు చేయాల్సింది పైసా ఖర్చు లేనిది ఒకటుంది. 80 ఆంప్స్ తగ్గించండి.

బ్యాటరీ లోపల పుట్టే వేడి కరెంటుకి వర్గంలో పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. సెల్స్, కనెక్షన్లు, బీఎంఎస్ అన్నీ కలిపి మీ ప్యాక్ రెసిస్టెన్స్ 15 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం. 80 ఆంప్స్ దగ్గర 96 వాట్ల వేడి పుడుతుంది. 25 ఆంప్స్ దగ్గర 9 వాట్లు. ప్యాక్ బరువు 45 కిలోలనుకుని, వేడి బయటికి పోయే దారే లేదనుకుంటే, 80 ఆంప్స్‌తో గంట చార్జ్ చేస్తే 7-8 డిగ్రీలు పెరుగుతుంది. అదే చార్జిని 25 ఆంప్స్‌తో మూడు గంటల పైన నింపితే రెండున్నర డిగ్రీలు. నిజానికి నెమ్మదిగా నింపేటప్పుడు కొంత వేడి బయటికి కూడా పోతుంది కాబట్టి ఇంకా తక్కువే.

గది 47, పైన ఈ 7 డిగ్రీలు. మీ 55 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది కదా.

పగటి_వెలుగు
సెల్_కెమిస్ట్రీ గారితో కొంచెం విభేదిస్తాను. కరెంటు బాగా తగ్గిస్తే చార్జింగ్ మధ్యాహ్నం దాకా సాగుతుంది, అంటే బ్యాటరీ అత్యంత వేడిగా ఉన్న వేళలోనే చార్జ్ అవుతుంది. దానికి బదులు పొద్దున్న ఏడున్నర, ఎనిమిది నుంచే గట్టిగా నింపేసి పదకొండుకల్లా ముగించాలి. తెల్లవారుజామున బ్యాటరీ 32-33లో ఉంటుంది. ఆ చల్లదనాన్ని వాడుకోవాలి.

సెల్_కెమిస్ట్రీ
మీరు చెప్పినదాంట్లో ఒకటి నిజం, పొద్దున్న బ్యాటరీ చల్లగా ఉంటుంది. అంత బరువున్న వస్తువు నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి గదికంటే కొన్ని గంటలు వెనకే ఉంటుంది. కానీ పదకొండుకే నిండిపోతే మధ్యాహ్నమంతా 100 శాతంతో 47 డిగ్రీల గదిలో కూర్చుంటుంది. పొర మందమవుతుందని నేను పైన చెప్పింది సరిగ్గా ఈ పరిస్థితిలోనే. చార్జింగ్ వేళ మార్చి వేడి తప్పించుకున్నా, నిండుగా కూర్చుని అదే వేడికి బలవుతుంది.

పగటి_వెలుగు
సరే, అయితే మధ్యేమార్గం. ఎనిమిది నుంచి 30 ఆంప్స్, 90 శాతానికి ఆపడం. ఖమ్మంగారి బ్యాటరీ రాత్రి 30 శాతానికి దిగిందనుకుంటే రెండు గంటల్లో 90 వస్తుంది. చివరి పది సాయంత్రం నాలుగు తర్వాత. నెలకి ఒకటి రెండుసార్లు మాత్రం పూర్తిగా 100కి తీసుకెళ్లండి, సెల్స్ సమానం కావడానికీ, యాప్ చూపించే శాతం సరిగ్గా ఉండటానికీ అది కావాలి.

సెల్_కెమిస్ట్రీ
దీనికి నేను ఒప్పుకుంటాను. నెట్ మీటరింగ్ (మిగులు కరెంటుని లైనుకిచ్చి బిల్లులో తగ్గించుకునే ఏర్పాటు) ఉంటే మిగిలిన కరెంటు గ్రిడ్‌కి వెళ్తుంది, వృథా కాదు.

మిన్నెసోటా_తెలుగు
మీ చర్చ చదువుతుంటే ఊరు గుర్తొస్తోంది. మా బాధ సరిగ్గా దీనికి ఎదురు. ఇక్కడ జనవరిలో గ్యారేజీలో పెట్టిన ఎల్ఎఫ్‌పీ సున్నాకి దిగితే బీఎంఎస్ చార్జింగ్ ఆపేస్తుంది. సున్నా కింద చార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి వెళ్లకుండా పైన లోహంలా పేరుకుంటుంది, అది సెల్‌ని శాశ్వతంగా దెబ్బతీస్తుంది. డిశ్చార్జ్‌కి మాత్రం మైనస్ 20 దాకా సాధారణంగా ఒప్పుకుంటుంది. అందుకే మేం హీటింగ్ ప్యాడ్లున్న బ్యాటరీలు కొంటాం. ముందు ప్యాడ్లు వేడెక్కి, సెల్స్ 5 డిగ్రీలు దాటాకే చార్జింగ్ మొదలవుతుంది.

లంబసింగి, అరకు వైపు ఇంటి బయట బ్యాటరీలు పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో సున్నా దగ్గరకి దిగిన రోజులున్నాయి. అక్కడ ఇంటి లోపలి గోడ చాలు, హీటర్లు అక్కర్లేదు.

వోల్ట్‌మీటర్
ఖమ్మం గారూ, ఇప్పుడు అసలు మాట చెప్తాను. పెయింటు, ఎగ్జాస్ట్, కరెంటు తగ్గించడం అన్నీ చేయండి. కానీ ఆ గది బ్యాటరీకి చోటే కాదు. పైన రేకు, మూడు వైపులా ఎండ తగిలే గోడలు, కింద రోజంతా కాలిన స్లాబ్. స్లాబ్ పగలు తాగిన వేడిని రాత్రి పది దాకా వదులుతూనే ఉంటుంది. అంటే బ్యాటరీకి రాత్రి కూడా విశ్రాంతి లేదు. ఏసీ పెడితే ఆ రేకుతో రోజంతా కుస్తీ పడుతుంది. ఆ ఏసీ తినే కరెంటులో మీ నాన్నగారి కాన్సంట్రేటర్ ఎన్ని గంటలు నడుస్తుందో ఆలోచించండి.

కింది ఇంట్లో ఉత్తరం వైపు ఏదైనా గది, వరండా, స్టోర్ రూమ్ ఉందా? పైన ఇంకో అంతస్తు ఉన్న గది అయితే మరీ మంచిది. మే నెలలో కూడా అలాంటి గది 36-38 దాటడం తక్కువ. మీ 47తో పోలిస్తే పది డిగ్రీలు ఊరికే తగ్గుతాయి, దానికి నెలనెలా కరెంటు బిల్లు ఉండదు.

ఖమ్మం_డాబా
కింద ఉత్తరం వైపు ధాన్యం బస్తాలు పెట్టే గది ఉంది సార్. బ్యాటరీ కిందికి దించి ఇన్వర్టర్ పైనే ఉంచొచ్చా? మొత్తం దింపాలంటే వైరింగ్ ఖర్చు ఎక్కువవుతుందని భయం.

వోల్ట్‌మీటర్
అలా మాత్రం చేయకండి. రెండూ కలిపే దించాలి. లెక్క చూడండి.

బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి 5 కిలోవాట్లు వెళ్లాలంటే 51.2 వోల్టుల దగ్గర దాదాపు 100 ఆంప్స్. ఆ వైరుని పది మీటర్లు లాగితే బొటనవేలంత లావు రాగి కావాలి, అయినా నష్టం తప్పదు, వేడి తప్పదు. అదే ప్యానెళ్ల నుంచి వచ్చే స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్ల లైను) 350 వోల్టుల దగ్గర ఉంటే 14 ఆంప్సే. 4 లేదా 6 స్క్వేర్ ఎంఎం సోలార్ డీసీ వైరు చాలు. కాబట్టి పొడిగించాల్సింది ప్యానెల్ వైరు. బ్యాటరీ, ఇన్వర్టర్ మధ్య వైరు రెండు మీటర్లు దాటనివ్వకండి. పక్కపక్కన పెట్టండి, మధ్య కనీసం అడుగున్నర ఖాళీ, ఇన్వర్టర్ ఊదే వైపు బ్యాటరీ ఉండకూడదు.

ప్యానెల్ వైరు కిందికి దించేటప్పుడు పైపులో వేయండి. డాబా మీద, ఇన్వర్టర్ దగ్గర రెండుచోట్లా డీసీ ఐసొలేటర్ (ప్యానెల్ కరెంటు తెంచే స్విచ్) ఉండాలి. ఇది 350 వోల్టుల డీసీ, ఆర్క్ (వైర్ల సందులో మండే కరెంటు మెరుపు) పడితే దానంతట అది ఆరదు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, మీరు ముట్టుకోవద్దు. వారంటీ పోకుండా బిగించిన కంపెనీకి ముందే రాసి పంపండి.

కరీంనగర్_ఇల్లాలు
ఇంట్లోపల బ్యాటరీ అంటే భయం కదా అన్నా? మంటలు గింటలు వస్తే?

వోల్ట్‌మీటర్
మంచి ప్రశ్న. పడకగదిలో వద్దు. మెట్ల కింద వద్దు, ఏదైనా జరిగితే మనుషులు బయటికి పోయే దారి అదే. ముఖ్యంగా ఖమ్మం గారింట్లో నాన్నగారు లేచి పరిగెత్తలేరు. ఆక్సిజన్ ఉన్న గదికి బ్యాటరీ గది ఆనుకుని ఉండకూడదు. ధాన్యం గది అంటే బస్తాలన్నీ తీసేయాలి, గోనెలు, నూనె డబ్బాలు, పాత పేపర్లు ఏవీ ఉండకూడదు. ఇటుక లేదా కాంక్రీటు గోడకి బిగించాలి, చెక్క పలకకి కాదు. బయటికి విడిగా తలుపుంటే ఇంకా మేలు. పొగ అలారం ఒకటి పెట్టండి.

పల్నాడు_పంపుసెట్
ఇక్కడే ఓ మాట. సిమెంటు నేల మీద బ్యాటరీ పెడితే చార్జి నేలలోకి దిగిపోతుందని మా దగ్గర ఇప్పటికీ చెప్తారు. పూర్వం బ్యాటరీ పెట్టెలు వేరు, ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెల్లోంచి కరెంటు నేలకి దిగదు. నీడలో ఉన్న గచ్చు నేల చల్లగా ఉంటుంది, బ్యాటరీకి మంచిదే. వాన నీళ్లు, ఎలుకల భయం ఉంటేనే స్టాండు వేసుకోండి. రెండు ట్యూబులర్ల మధ్య మాత్రం కనీసం అంగుళం, వీలైతే రెండంగుళాలు ఖాళీ వదలండి.

విశాఖ_తీరం
లగ్గులు కూడా చూసుకోండి. మొత్తం బ్యాటరీ చల్లగా ఉండి ఒక్క టెర్మినల్ కాలుతోందంటే అక్కడ నట్టు వదులైందనో, లగ్గు సరిగ్గా నొక్కలేదనో అర్థం. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో లోడు నడుస్తున్నప్పుడు ప్రతి టెర్మినల్‌నీ చూడండి. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది, నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురి పెట్టండి. పక్కదానికంటే 10 డిగ్రీలు ఎక్కువుంటే అన్నీ ఆఫ్ చేసి బిగించాలి.

ఖమ్మం_డాబా
అందరికీ మళ్లీ నమస్కారం. ఆలస్యమైంది, పని ఇప్పుడే పూర్తయింది. బస్తాలు ఖాళీ చేసి, గదికి సున్నం వేయించి, బ్యాటరీ, ఇన్వర్టర్ రెండూ కిందికి దింపించాం. ఇన్వర్టర్ ఎడమ గోడకి, బ్యాటరీ అదే గోడకి రెండడుగుల దూరంలో. పై వెంటిలేటర్లో చిన్న ఎగ్జాస్ట్, తలుపు కింద జాలీ. ప్యానెల్ వైరు పొడిగించి, రెండో ఐసొలేటర్ పెట్టించి, కూలీతో కలిపి అయిన ఖర్చు వాళ్లు చెప్పిన ఏసీ ధరలో సగం కూడా లేదు.

చార్జింగ్ 30 ఆంప్స్ పెట్టాను. నిన్న బయట 44 ఉంది. మధ్యాహ్నం మూడుకి సెల్స్ 38, 39, 39, 39. పైదానికీ కిందిదానికీ ఆ నాలుగు డిగ్రీల తేడా కూడా పోయింది. చార్జింగ్ ఒక్కసారి కూడా ఆగలేదు.

ఒక సందేహం. నాన్నగారి కోసం రాత్రికి 100 శాతం ఉంచుకోవడం తప్పా?

సెల్_కెమిస్ట్రీ
చాలా సంతోషం. 39 డిగ్రీల దగ్గర మీరు నిశ్చింతగా 100 పెట్టుకోవచ్చు. సాయంత్రం నిండి రాత్రికి వాడేస్తున్నారు కాబట్టి నిండుగా కూర్చునే సమయం తక్కువే. మీ ఇంట్లో బ్యాటరీ ఉన్నది నాన్నగారి కోసం. రెండు శాతం ఆయుష్షు కోసం ఆయన రాత్రిని తగ్గించకండి.

కాన్సంట్రేటర్ 350 వాట్లు అనుకుంటే, 5.1 యూనిట్ల బ్యాటరీలో 80 శాతం వాడి, ఇన్వర్టర్ నష్టం పోను దాదాపు పది గంటలు వస్తుంది. వేరే ఫ్యాన్లు, ఫ్రిజ్ అదే లైన్లో ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. కరెంటు పోయిన రాత్రి ఏవి ఆఫ్ చేయాలో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. డాక్టరుగారు చెప్పిన సైజు సిలిండర్ ఒకటి మాత్రం తప్పకుండా ఇంట్లో నిండుగా ఉంచండి. బ్యాటరీ ఎంత మంచిదైనా ఆక్సిజన్‌కి అది ఒక్కటే ఆధారం కాకూడదు.

ఖమ్మం_డాబా
సిలిండర్ ఉందండీ, రెగ్యులేటర్ కూడా కొత్తది తెచ్చాం. అందరికీ రుణపడి ఉంటాను.

కరీంనగర్_ఇల్లాలు
నేనూ చెప్పాలి. బాల్కనీకి వెదురు తడక కట్టించాం. చార్జర్‌లో సెన్సార్ పెట్టుకునే చోటు ఉంది గానీ వైరు లేదు, తెప్పించి రెండు బ్యాటరీల మధ్య అంటించాం. యాసిడ్ చిక్కదనం చూసే హైడ్రోమీటర్ కొన్నాను. నిన్న సాయంత్రం పూర్తి చార్జ్ అయ్యాక చూస్తే అన్ని సెల్స్ 1.225 చూపిస్తున్నాయి. బ్యాటరీ మీద 1.240 అని రాసి ఉంది. చార్జింగ్ తక్కువవుతోందా? మళ్లీ వోల్టేజీ పెంచాలా?

పల్నాడు_పంపుసెట్
పెంచొద్దు చెల్లెమ్మా. యాసిడ్ ఎన్ని డిగ్రీల్లో ఉంది?

కరీంనగర్_ఇల్లాలు
హైడ్రోమీటర్‌తో పాటు వచ్చిన థర్మామీటర్ పెడితే 42.

పల్నాడు_పంపుసెట్
బ్యాటరీ మీది 1.240 అనేది 27 డిగ్రీల దగ్గరి అంకె. వేడికి యాసిడ్ వ్యాకోచించి పల్చగా కనిపిస్తుంది. 27 పైన ప్రతి డిగ్రీకీ 0.0007 కలపాలి. మీకు 15 డిగ్రీలు ఎక్కువ, అంటే 0.0105. 1.225కి కలిపితే 1.2355. నిండినట్టే లెక్క, ఆ మాత్రం తేడా పెద్దది కాదు. అన్ని సెల్స్ ఒకేలా ఉండటం ఇంకా మంచి సంగతి. ఏదైనా ఒక సెల్ మిగతావాటికంటే 0.025 పైన తక్కువ చూపిస్తే అప్పుడు చెప్పండి, ఈక్వలైజింగ్ చార్జ్ (సెల్స్ అన్నీ సమానం చేసే చార్జింగ్) ఎలా చేయాలో చూద్దాం. అదీ తెల్లవారుజామునే చేయాలి. యాసిడ్ 50 డిగ్రీలకి చేరితే మధ్యలోనే ఆపేయాలి.

కరీంనగర్_ఇల్లాలు
సరే అన్నా. అన్ని సెల్స్ అంకెలూ ఓ పుస్తకంలో రాసి పెట్టుకుంటున్నా. వానలు పడ్డాక మళ్లీ చూసి ఇక్కడే రాస్తా.